కుళాయిలు బాగుచేసిన ఆటగాడు

పిల్లలూ,

పోయిన నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకదాన్ని బల్ల మీద విడిగా పెట్టుకున్నాను. ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడు రాసినది. అక్షరాలు ముత్యాల్లా లేవు గాని, మాట మాత్రం సూటిగా ఉంది.

"తాతయ్యగారికి నమస్కారాలు. నేను ఫుట్‌బాల్ బాగా ఆడతాను. మా బడి జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ నావే. మా నాన్నగారు మాత్రం, ముందు చేతికి ఒక విద్య రావాలి, ఆట సంగతి తరవాత చూద్దాం అంటారు. ఆడేవాడు పూర్తిగా ఆడాలి గదా? మీరు పత్రికలో ఒక మాట రాస్తే మా నాన్నగారు చదువుతారు."

తండ్రీ కొడుకుల మధ్య తీర్పు చెప్పటానికి నేనెవణ్ణి? అయితే ఇలాంటి తండ్రీ, ఇలాంటి కొడుకూ ఉన్న కథ ఒకటి నాకు తెలుసు. కథ అన్నానని కల్పించింది అనుకోకండి. అంతా జరిగిందే. ఆ కొడుకు పేరు టామ్ ఫిన్నీ. కథ చెపుతాను, వినండి. మీ నాన్నగారిని కూడా పక్కన కూచోబెట్టుకో, నాయనా!

ఇంగ్లండు ఉత్తరభాగంలో ప్రెస్టన్ అనే పట్నం ఉన్నది. దాని పక్కనే రిబుల్ అనే నది పారుతుంది. ఒకప్పుడు ఆ ఊరినిండా నూలు మిల్లులే. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు పేరు ప్రెస్టన్ నార్త్ ఎండ్. వాళ్ళు ఆడే మైదానం డీప్‌డేల్. ఇంగ్లండులో 1888 లో మొట్టమొదటి సారి 12 జట్లతో లీగు పోటీలు పెట్టినప్పుడు అందులో ప్రెస్టన్ కూడా ఒకటి. ఆ మొదటి ఏడాది వాళ్ళు 22 మాచ్‌లు ఆడి, ఒక్కటి కూడా ఓడకుండా లీగు గెలిచారు. అదే ఏడాది ఎఫ్.ఎ. కప్పు కూడా గెలిచారు. ఆ జట్టుకు "అజేయులు" అని పేరు పడిపోయింది.

డీప్‌డేల్ మైదానానికి కూతవేటు దూరంలో ఒక వీధిలో 1922 ఏప్రిల్ 5 న టామ్ పుట్టాడు. నాలుగేళ్ళ వయసులోనే తల్లి పోయింది. తండ్రి ఒక్కడే పిల్లలందరినీ పెంచుకొచ్చాడు. టామ్ చిన్నప్పుడు పీలగా, పొట్టిగా ఉండేవాడు. తరుచు జబ్బు పడేవాడు. వాణ్ణి చూసి, "వీడు పెద్ద ఆటగాడవుతాడు" అని ఎవరూ అనుకునేవారు కాదు.

కాని వాడికి బంతి అంటే ప్రాణం. ప్రెస్టన్ జట్టులో ఆలెక్స్ జేమ్స్ అనే ఆటగాడు ఉండేవాడు. ఆయన కూడా పొట్టివాడే. అయినా బంతి ఆయన పాదానికి అతుక్కుపోయినట్టు ఉండేది. ఆయనే టామ్‌కు గురువు. ఏకలవ్యుడికి ద్రోణుడు ఎలా గురువో, అలా గురువన్నమాట! టామ్‌ది ఎడమకాలి వాటం. ఒక్క కాలితో ఆడేవాణ్ణి ఎదుటివాడు తేలికగా అడ్డుకుంటాడు గదా? అంచేత వాడు పట్టుబట్టి కుడికాలితో తన్నటం సాధన చేశాడు. చివరికి, వీడిది ఏ కాలి వాటమో చూసేవాళ్ళకు తెలియకుండా పోయింది. తరవాతి రోజుల్లో ఆయన ఎక్కువగా ఆడింది కుడివైపునే!

టామ్‌కు బడి వయసు దాటుతూ ఉండగా, వాడి ఆట ప్రెస్టన్ క్లబ్బువారి కంటబడింది. "మైదానం పనులు చూసుకుంటూ, ఆట నేర్చుకుంటూ ఉండు. వారానికి రెండున్నర పౌన్లు ఇస్తాం," అన్నారు. తన ఊరి జట్టు, తన గురువు ఆడిన జట్టు, తన ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న మైదానం! వాడు ఎగిరి గంతేసి ఉంటాడు.

తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. ముందు ప్లంబరు పని పూర్తిగా నేర్చుకోవాలి, అంతవరకూ ఆట తీరిక వేళల్లోనే అని ఖండితంగా చెప్పాడు. ఆ తండ్రికి ఆటంటే కోపం కాదు. ఆయన ఆలోచన వేరు. ఆటగాడి కాలికి ఒక్క దెబ్బ తగిలితే చాలు, వాడి సంపాదన ఆగిపోతుంది. చేతిలో విద్య ఉంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరదు. తల్లి లేని పిల్లలను పెంచిన మనిషి, మరొక రకంగా ఎలా ఆలోచిస్తాడు?

టామ్ పని నేర్చుకోవటానికి చేరాడు. ఇక్కడ మీకు ఒక చిన్న శాస్త్రసంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఇళ్ళకు నీళ్ళు తెచ్చే గొట్టాలు చాలావరకు సీసంతో చేసినవి. సీసాన్ని లాటిన్ భాషలో ప్లంబమ్ అంటారు. ప్లంబరు అన్న మాట దాన్నుంచే వచ్చింది. మీ రసాయనశాస్త్ర పుస్తకంలో సీసానికి పీబీ అనే గుర్తు ఎందుకున్నదో ఇప్పుడు తెలిసిందా? సీసపు గొట్టాలను అతకాలంటే సీసమూ తగరమూ కలిపిన టంకాన్ని కరిగించి, అతుకు మీద పోసి, అది గట్టిపడేలోగా గుడ్డమెత్తతో నున్నగా తుడవాలి. తొందరపడితే టంకం జారిపోతుంది. ఆలస్యం చేస్తే బిగుసుకుపోతుంది. ఇంతకూ సీసం ఒంటికి మంచిది కాదని, ముఖ్యంగా పిల్లలకు చాలా హాని చేస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. అందుచేత మంచినీళ్ళకు కొత్తగా సీసపు గొట్టాలు వెయ్యటం మానేశారు.

పగలు పానా పట్టుకుని గొట్టాలు బిగించటం, తీరిక దొరికితే బంతి తన్నటం — ఇలా వాడి రోజులు గడిచాయి. 1940 లో క్లబ్బుతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కాని అప్పటికే రెండవ ప్రపంచ యుద్ధం మొదలయింది. లీగు పోటీలు నిలిచిపోయాయి. యుద్ధకాలంలో ఏదో కొద్దిగా ఆటలు జరిగేవి గాని, అవి లీగు లెక్కలోకి రావు. 1942 లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. మన టామ్ ఈజిప్టు వెళ్ళి, అక్కణ్ణుంచి ఇటలీ వెళ్ళి, టాంకు నడిపాడు. 1945 లో ఇటలీలో జరిగిన ఆఖరి పోరాటాలలో కూడా పాల్గొన్నాడు.

యుద్ధం ముగిసింది. 1946 ఆగస్టు 31 న డీప్‌డేల్‌లో లీడ్స్ జట్టుతో ప్రెస్టన్ ఆడింది. లీగులో ఫిన్నీకి అదే మొదటి మాచ్. అప్పటికి ఆయన వయసు 24. ఆటగాళ్ళు పద్ధెనిమిది, పంతొమ్మిది యేళ్ళకే పైకి వచ్చే ఆటలో 24 యేళ్ళకు మొదలుపెట్టాడన్నమాట. ఆ మాచ్‌ను ప్రెస్టన్ 3-2 తో గెలిచింది. సరిగా 28 రోజుల తరవాత ఆయన ఇంగ్లండు దేశం జట్టులో కూడా ఆడాడు! ఆ మొదటి మాచ్‌లోనే ఒక గోలు కొట్టాడు.

ఇక ఆయన ఆట సంగతి. వింగు మీద, అంటే మైదానం అంచు వెంబడి, బంతిని తీసుకుపోతూ ఉంటే ఎదుటివాడు కాలు చాపేవాడు. చాపిన కాలు గాలిలోనే ఉండేది. బంతీ, ఫిన్నీ అవతల ఉండేవాళ్ళు. కుడి వింగు, ఎడమ వింగు, మధ్య స్థానం — ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడగలిగేవాడు. ప్రెస్టన్ జట్టులో ఆయనతోపాటు ఆడిన బిల్ షాంక్లీ, తరవాత లివర్‌పూల్ జట్టును నడిపి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ఆ షాంక్లీ, ఫిన్నీ ఓవర్‌కోటు తొడుక్కుని ఆడినా అందరినీ మించిపోతాడని అనేవాడు. ప్రెస్టన్ అభిమానులు ఇంకొక హాస్యం చెప్పుకునేవారు. ఆదాయపు పన్ను కట్టేటప్పుడు ఫిన్నీ తన మీద ఆధారపడి బతికేవాళ్ళు పదిమంది ఉన్నారని రాయించి, రాయితీ అడగాలిట. ఆ పదిమంది ఎవరో మీరే ఊహించండి!

ఎదుటివాళ్ళు కావాలని ఆయన కాళ్ళ మీద తన్నిన సందర్భాలు లేకపోలేదు. ఆ రోజుల్లో పసుపు కార్డులూ, ఎర్ర కార్డులూ లేవు. అవి 1970 ప్రపంచ కప్పులో వచ్చాయి. అంతకుముందు తప్పు చేసిన ఆటగాడి పేరును రిఫరీ తన చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఫిన్నీ ఆడినంత కాలమూ ఏ రిఫరీ పుస్తకంలోకీ ఆయన పేరు ఎక్కలేదు.

అంత గొప్ప ఆటగాడు ఉన్న జట్టు ఎప్పుడూ గెలుస్తూ ఉంటుందని మీరు అనుకోవచ్చు. కాదు. ఫుట్‌బాల్ పదకొండు మంది ఆట. 1949 లో ప్రెస్టన్ మొదటి డివిజను నుంచి రెండవ డివిజనుకు దిగిపోయింది. ఫిన్నీ ఆ రెండవ డివిజనులోనే రెండేళ్ళు ఆడాడు. 1951 లో రెండవ డివిజను గెలిచి, ఆ జట్టు మళ్ళీ పైకి వచ్చింది.

1952 లో ఫిన్నీ జీవితంలో పెద్ద పరీక్ష వచ్చింది. ఇంగ్లండు జట్టు ఇటలీ వెళ్ళింది. అక్కడ పాలెర్మో అనే క్లబ్బు అధ్యక్షుడు ఆయనను చూశాడు. పాలెర్మో నగరం సిసిలీ ద్వీపంలో ఉన్నది. నీలి సముద్రం, నారింజ తోటలు, నిండా ఎండ. ఆ అధ్యక్షుడు రాజవంశం వాడు. ఆయన ఫిన్నీతో, "మా క్లబ్బుకు వచ్చి ఆడండి. సంతకం పెట్టగానే 10,000 పౌన్లు. నెలకు 130 పౌన్ల జీతం. గెలిచినప్పుడు బహుమానం వేరే. ఉండటానికి సముద్రతీరాన బంగళా. తిరగటానికి కారు. మీ ఇంటివాళ్ళు వచ్చిపోవటానికి ఖర్చులు మావే," అని కబురు చేశాడు.

ఇప్పుడు ఇంగ్లండులో ఆయనకు వచ్చేదెంతో వినండి. అక్కడ అప్పట్లో ఒక నిబంధన ఉండేది. ఎంత గొప్ప ఆటగాడైనా సరే, క్లబ్బు ఒక హద్దుకు మించి జీతం ఇవ్వగూడదు. ఆ హద్దు 1952 లో ఆటల కాలంలో వారానికి 14 పౌన్లు. వేసవిలో ఇంకా తక్కువ. లెక్క వెయ్యండి: వారానికి 14 పౌన్ల చొప్పున 10,000 పౌన్లు రావాలంటే 714 వారాలు పైగా పడుతుంది. అంటే పదమూడున్నర యేళ్ళు దాటుతుంది! పదమూడున్నర యేళ్ళ కష్టం ఒక్క సంతకంతో వస్తుందంటే ఎవరికి ఆశ కలగదు? ఫిన్నీకి కూడా కలిగింది. ఆ సంగతి తరవాతి రోజుల్లో ఆయన దాచుకోలేదు.

ఆయన వెళ్ళి క్లబ్బువారిని అడిగాడు. క్లబ్బువారు వల్లకాదన్నారు. ఇక్కడ ఇంకొక నిబంధన ఉన్నది. ఆటగాడి ఒప్పందం గడువు తీరిపోయినా సరే, పాత క్లబ్బు ఒప్పుకుంటేనే తప్ప అతను వేరే క్లబ్బుకు ఆడటానికి వీలు లేదు. గుమ్మానికి బయటి నుంచి గొళ్ళెం పెట్టినట్టే!

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. "డబ్బు కాదని, తన ఊరి జట్టునే అంటిపెట్టుకుని ఉన్న త్యాగమూర్తి" అని ఫిన్నీని చాలామంది పొగుడుతారు. ఆయనకు తన ఊరంటే ప్రేమ ఉన్నమాట నిజమే. కాని అది సగం నిజం. ఆయనను వెళ్ళనివ్వలేదన్నది మిగిలిన సగం. ఆ నిబంధనలు న్యాయమైనవి కావు. పనిచేసేవాడికి తన పనికి తగిన కూలి అడిగే హక్కు, నచ్చిన చోట పనిచేసే హక్కు ఉండాలి. ఆ హక్కు కోసం తరవాత ఆటగాళ్ళంతా ఒకటై పోరాడారు. ఆ కథ కొద్దిసేపట్లో చెపుతాను.

తలుపు మూసినవాళ్ళు ఇతరులు. అందులో ఫిన్నీ చెయ్యగలిగింది లేదు. కాని మూసిన తలుపు లోపల ఆయన రెండు రకాలుగా ఉండవచ్చు. మొహం వేలేసుకుని, కాళ్ళీడ్చుకుంటూ ఆడవచ్చు. లేదా ఎప్పటిలాగే ఆడవచ్చు. ఆయన ఏం చేశాడో చూడండి.

ఆ తరవాతి ఏడు, అంటే 1952-53 లో, ప్రెస్టన్ జట్టు చెలరేగి ఆడింది. లీగులో మొత్తం 42 మాచ్‌లు. 21 గెలిచారు, 12 సమంగా ముగిశాయి, 9 ఓడారు. ఆ రోజుల్లో గెలిస్తే 2 పాయింట్లు, సమమైతే 1. మొత్తం 54 పాయింట్లు. తమ మాచ్‌లన్నీ ముగించుకుని ప్రెస్టన్ వాళ్ళు పట్టికలో పైన కూచున్నారు. లండన్‌లోని ఆర్సెనల్ జట్టుకు ఒక్క మాచ్ మిగిలి ఉన్నది. 1953 మే 1 న ఆర్సెనల్, బర్న్‌లీ జట్టును 3-2 తో గెలిచింది. దాంతో ఆర్సెనల్‌కు కూడా సరిగ్గా 54 పాయింట్లు వచ్చాయి. వాళ్ళు కూడా 21 గెలిచారు, 12 సమం, 9 ఓటమి!

ఇద్దరిలో ఎవరు గెలిచినట్టు? అప్పుడు గోల్స్ సగటు చూసేవారు. అంటే జట్టు కొట్టిన గోల్స్‌ను, ఆ జట్టు మీద ఇతరులు కొట్టిన గోల్స్‌తో భాగించాలి. ప్రెస్టన్ కొట్టినవి 85, ఇచ్చినవి 60. ఆర్సెనల్ కొట్టినవి 97, ఇచ్చినవి 64. భాగించండి. ప్రెస్టన్‌కు సుమారు 1.417 వస్తుంది. ఆర్సెనల్‌కు సుమారు 1.516. తేడా ఒకటిలో పదోవంతు కూడా లేదు! దానితో ఆర్సెనల్ విజేత అయింది. లీగు మొదటి విజేతలైన ప్రెస్టన్ వాళ్ళకు, 63 యేళ్ళుగా ఎదురుచూస్తున్న పీఠం అందినట్టే అంది జారిపోయింది.

మరుసటి ఏడు, 1954 లో, ప్రెస్టన్ ఎఫ్.ఎ. కప్పు ఆఖరి పోటీకి చేరింది. లండన్‌లోని వెంబ్లీ మైదానంలో మాచ్. ఫిన్నీయే నాయకుడు. ఊరు ఊరంతా ఆయన మీదే ఆశ పెట్టుకున్నది. ఆ రోజు ఆయన ఆట సాగలేదు. ఎంత గొప్పవాడికైనా అలాంటి రోజు ఒకటి వస్తుంది. మాచ్ ముగియటానికి కొద్ది నిమిషాల ముందు వెస్ట్ బ్రామ్‌విచ్ జట్టు గోలు కొట్టి, 3-2 తో కప్పు పట్టుకుపోయింది. 1958 లో మళ్ళీ ప్రెస్టన్ లీగులో రెండవ స్థానంలో ఆగిపోయింది. ఫిన్నీకి లీగు కప్పు గాని, ఎఫ్.ఎ. కప్పు గాని ఏనాడూ దక్కలేదు. అయినా పత్రికా రచయితలు ఆయనను 1954 లోనూ, మళ్ళీ 1957 లోనూ ఆ ఏటి మేటి ఆటగాడుగా ఎన్నుకున్నారు. ఆ గౌరవం రెండుసార్లు పొందిన మొట్టమొదటివాడు ఆయనే.

1958 ప్రపంచ కప్పు స్వీడన్‌లో జరిగింది. ఇంగ్లండు, సోవియట్ రష్యాతో ఆడుతూ 2-1 తో వెనకబడి ఉన్నది. పెనాల్టీ వచ్చింది. ఎదురుగా గోల్ కీపరు లెవ్ యాషిన్. గోల్ కీపర్లందరిలోకీ ఆయనను మించినవాడు లేడంటారు. బంతి ముందు 36 యేళ్ళ ఫిన్నీ. గోలు పడింది, మాచ్ సమమయింది. ఈ ఇద్దరిలో ఒక పోలిక ఉన్నది. యాషిన్ కూడా తన ఆట జీవితమంతా మాస్కోలోని డైనమో అనే ఒక్క క్లబ్బుకే ఆడాడు.

1960 ఏప్రిల్ 30 న డీప్‌డేల్‌లో లూటన్ జట్టుతో ఫిన్నీ ఆఖరి లీగు మాచ్ ఆడాడు. వయసు 38. నడుము కింద కండరాలు పట్టేస్తున్నాయి. ఆయన ప్రెస్టన్ కోసం 433 లీగు మాచ్‌లు ఆడి 187 గోల్స్ కొట్టాడు. ఇంగ్లండు కోసం 76 మాచ్‌లలో 30 గోల్స్. మూడేళ్ళ తరవాత, 41 యేళ్ళ వయసులో, బెల్‌ఫాస్ట్‌లోని ఒక జట్టువాళ్ళు బతిమాలితే వెళ్ళి, పోర్చుగల్ నుంచి వచ్చిన బెన్‌ఫికా జట్టుతో ఒక్క మాచ్ ఆడాడు. అది 3-3 తో సమమయింది. లీగు ఆటలు మాత్రం అన్నీ ప్రెస్టన్‌కే.

ఆయన వెళ్ళిపోయిన మరుసటి యేడు, 1961 లో, ప్రెస్టన్ మళ్ళీ రెండవ డివిజనుకు దిగిపోయింది. ఆ దిగటం దిగటం, దశాబ్దాలు గడిచినా పై మెట్టు ఎక్కలేకపోయింది.

అదే 1961 జనవరిలో ఇంకొక పెద్ద మార్పు వచ్చింది. ఆటగాళ్ళ సంఘం వాళ్ళు సమ్మెకు సిద్ధపడి, జీతం హద్దు నిబంధనను ఎత్తివేయించారు. కొద్ది రోజులకే ఫుల్‌హమ్ క్లబ్బు ఆటగాడు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌన్లు ఇచ్చారు! 1963 లో ఇంగ్లండు న్యాయస్థానం, గడువు తీరిన ఆటగాణ్ణి పాత క్లబ్బు కట్టిపడెయ్యటం న్యాయం కాదని తీర్పు చెప్పింది. ఫిన్నీ ఆట మానేసిన తరవాత గొళ్ళెం ఊడిందన్నమాట.

మరి ఆట మానేశాక ఆయన ఏం చేశాడు? చేతిలో పని ఉన్నది గదా! ఆట సాగుతున్న రోజుల్లోనే ఆయన తన అన్నదమ్ముడితో కలిసి ప్లంబరు పనుల వ్యాపారం పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో ఎవరింట్లోనైనా కుళాయి కారితే, దాన్ని బాగుచేసే మనుషులు ఇంగ్లండు జట్టు ఆటగాడి దుకాణం నుంచే వచ్చేవారు. పత్రికలవాళ్ళు ఆయనకు "ప్రెస్టన్ ప్లంబరు" అని పేరు పెట్టారు. ఆయన దానికి చిన్నబుచ్చుకోలేదు. ఆట ఆగినా ఇంట్లో పొయ్యి ఆరలేదు. తండ్రి కోరింది అదే. తరవాత ఆయన ఊళ్ళో గౌరవ మేజిస్ట్రేటుగా పనిచేశాడు. ఆస్పత్రుల పాలకవర్గానికి అధ్యక్షుడయాడు. చివరికి తను ఆడిన క్లబ్బుకే అధ్యక్షుడయాడు.

పనీ ఆటా కలిపి చెయ్యటం మనవాళ్ళకు తెలియనిది కాదు. ఫిన్నీ ఆడుతున్న రోజుల్లోనే మన హైదరాబాదులో సిటీ పోలీసు జట్టు ఉండేది. జట్టు పేరు చెప్పినట్టే అది పోలీసుశాఖ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రహీమ్ శిక్షణలోనే మన దేశం 1951 లోనూ, 1962 లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. ఆయన 1950 లో చేరింది మొదలు 1963 లో కన్నుమూసేదాకా ఆ పోలీసు జట్టును విడవలేదు. మరోపక్క, సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ కలకత్తా వెళ్ళి, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో ఆడి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. వెళ్ళినవాడు తక్కువా కాదు, ఉండిపోయినవాడు ఎక్కువా కాదు. ఎక్కడున్నా ఎలా ఆడాడన్నదే ప్రశ్న.

ఫిన్నీ ముసలివాడైన తరవాత తన ఆటను గురించి పుస్తకం రాసుకున్నాడు. వెనక్కి తిరిగి చూసుకునేటప్పుడు మనిషి ఏమి లెక్కపెట్టుకుంటాడు? అల్మైరాలో కప్పులు లెక్కపెట్టుకుందామంటే ఆయనకు పెద్ద కప్పులు లేవు. బాంకులో డబ్బు లెక్కపెట్టుకుందామంటే ఆ 10,000 పౌన్లు రానే లేదు. కాని ప్రెస్టన్ వీధిలో ఆయన నడిచి వెళుతుంటే, ఆయన ఆటను కళ్ళారా చూసిన తాతలూ, చూడని మనమలూ కూడా ఆగి పలకరించేవారు. డీప్‌డేల్ మైదానం పక్కనుంచి వెళ్ళే రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. 1998 లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

ఒక ఫోటో సంగతి చెప్పి ముగిస్తాను. 1956 లో లండన్‌లో చెల్సీ జట్టుతో మాచ్. కుంభవృష్టి కురిసి మైదానమంతా మడుగులు కట్టింది. నీళ్ళలో బంతి దొర్లదు గదా! నీరు దాన్ని పట్టి ఆపేస్తుంది. పైగా ఆ రోజుల్లో బంతి తోలుతో చేసింది. తడిస్తే నీళ్ళు పీల్చుకుని బరువెక్కేది. ఫిన్నీ ఒక మడుగులో నుంచి బంతిని దాటించబోయి నీళ్ళలోకి జారాడు. రెండు పక్కలా నీళ్ళు విసనకర్రల్లా లేచాయి. ఆ క్షణాన ఎవరో ఫోటో తీశారు. అది ఆ యేటి ఉత్తమ క్రీడా చిత్రంగా బహుమతి పొందింది. 2004 లో డీప్‌డేల్ ముందు ఆ ఫోటోలాగే ఫిన్నీ విగ్రహం నిలబెట్టారు. విగ్రహం కింద గొట్టాలు అమర్చి, నీళ్ళు చిమ్మేటట్టు చేశారు. జీవితమంతా నీళ్ళ గొట్టాలు బిగించినవాడికి నీళ్ళతోనే స్మారకం! 2014 ఫిబ్రవరి 14 న, 91 యేళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. అప్పుడు ఆ విగ్రహం చుట్టూ ఊరివాళ్ళు పూలూ, జట్టు కండువాలూ తెచ్చి పెట్టారు.

ఇప్పుడు నా ఉత్తరం రాసిన కుర్రవాడికి ఒక మాట. నాయనా, మీ నాన్నగారు ఆటకు శత్రువు అనుకోకు. టామ్ తండ్రి చెప్పిన మాట విన్నందువల్ల టామ్ ఆట చెడలేదు. ఆయన పనీ నేర్చాడు, రెండు కాళ్ళతో ఆడటమూ నేర్చాడు.

ఇక మీ నాన్నగారికి కూడా ఒక మాట. అయ్యా, ఆ తండ్రి కొడుక్కు పని నేర్పించాడు గాని, బంతిని మాత్రం లాక్కోలేదు. తీరిక వేళల్లో ఆడుకోనిచ్చాడు. మీరు కూడా సాయంత్రంపూట ఒక గంట వాణ్ణి మైదానానికి వెళ్ళనివ్వండి. వీలైతే మీరూ వెళ్ళి, గట్టు మీద కూచుని వాడి ఆట చూడండి.

మిగతా పిల్లలకు ఒక లెక్క ఇస్తున్నాను. ఆ 1952-53 లో ప్రెస్టన్ కొట్టిన 85 గోల్స్ అలాగే ఉండి, ఇచ్చినవి మాత్రం 60 కన్నా తగ్గితే, ఆర్సెనల్ సగటును దాటటానికి ఎన్ని తగ్గాలి? పాయింట్లలో మార్పు లేదనుకోండి. కాగితం, పెన్సిలు తీసుకుని భాగించి చూడండి. జవాబు నాలుగే నాలుగు గోల్స్! అవునో కాదో సరిచూసి నాకు రాయండి.

— మీ తాతయ్య